తొంభై రెండేళ్లు బతికిన మనిషి కోసం ఏడవకూడదా?

తాతను వాకిట్లో బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. పలకలు మోగుతున్నాయి. కుప్పం నుంచి వచ్చిన మా మేనత్త ఆటో దిగీ దిగగానే “నాయనో” అని గుండెలు బాదుకుంటూ పరిగెత్తింది. వాకిలి దగ్గర కూర్చున్న ఒక ముసలామె లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. “ఊరుకోమే. తొంభై ఏండ్లు దాటిన మనిషికి అట్ల ఏడస్తారా? ముని మనవళ్లను ఎత్తుకున్నాడు. నిండు జీవితం. ఇంకేం కావాల ఆయనకు?” అంది. అత్త పైట కొంగు నోట్లో కుక్కుకుంది. పాడె లేచేదాకా ఆమె గొంతు మళ్లీ పైకి రాలేదు. భుజాలు మాత్రం ఎగిసిపడుతూనే ఉన్నాయి.

ఆ రోజు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వచ్చినవాళ్లందరూ మా నాయన చేతులు పట్టుకుని అదే అన్నారు. అరవం మాట్లాడే చుట్టాలైతే “కల్యాణ చావు” అన్నారు. వాళ్ల ఊళ్లలో ఇంత వయసు మనిషి పోతే టపాకాయలు కాలుస్తారు, పలకల ముందు చిందేస్తారు. అందరూ ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. చిన్న వయసులో ఎవరైనా పోతే ఓదార్చడానికి నోట మాట రాదు. పెద్దాయన పోతే అనడానికి ఈ ఒక్క మాటైనా ఉంది. కానీ ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయిపోయింది, నాకు ఆ మాట ఇంకా మింగుడు పడటం లేదు. ఎందుకంటే మా ఇంట్లో ఆ మాట తాత పోయిన రోజు పుట్టలేదు. అంతకు పన్నెండేళ్ల ముందే మొదలైంది.

అది చెప్పాలంటే ముందు తాత గురించి చెప్పాలి.

తాత వయసు ఎంతో మాలో ఎవరికీ కచ్చితంగా తెలీదు. ఆధార్ కార్డులో 01-01-1932 అని ఉంది. మా ఊళ్లో ఆ తరం వాళ్లలో చాలామందికి జనవరి 1నే పుట్టినరోజు. పుట్టిన ఏడు ఒక్కటి చెబితే మిగతాది కంప్యూటర్ వేసుకుంది. తాత లెక్క వేరు. “కొండకు బస్సు రోడ్డు వేసిన ఏడు నేను గానుగెద్దుల్ని ఒక్కణ్ణే తోలేవాణ్ణి” అనేవాడు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. పన్నెండేళ్ల పిల్లవాడు గానుగ చుట్టూ ఎద్దుల్ని తోలగలడు కాబట్టి కార్డులో ఉన్నది దాదాపు నిజమే అయ్యుండాలి. రోడ్డు పడ్డాక కూడా ఆయన కొండకు బస్సులో పోయింది తక్కువ. డెబ్బై ఎనిమిదో ఏట దాకా అలిపిరి మెట్ల మీదే ఎక్కాడు. మోకాళ్ల పర్వతం దగ్గర నేను ఆయాసపడి కూలబడితే పక్కన నిలబడి నా సంచి కూడా తీసుకున్న మనిషి.

మా ఊరు పాకాల దగ్గర. తాత పుట్టిందీ ఆ ఇంట్లోనే, కన్ను మూసిందీ ఆ ఇంట్లోనే. బోదగడ్డి కప్పిన కొట్టం పోయి మిద్దె వచ్చింది, అంతే. ఇల్లు అక్కడే ఉంది, పైనున్న పేర్లే మారుతూ వచ్చాయి. పుట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ, 1953 అక్టోబర్ 1 నుంచి ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా పోయి తిరుపతి జిల్లా అయింది. ఈ తేదీలు ఏవీ తాతకు గుర్తుండేవి కావు. ఒక్కటి మాత్రం తేదీతో సహా చెప్పేవాడు, 1960 ఏప్రిల్ 1. అప్పటిదాకా తిరుత్తణి తాలూకా మా చిత్తూరు జిల్లాలోదే. రెండు రాష్ట్రాల మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, అటు నుంచి సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. తాత అక్కను ఇచ్చింది తిరుత్తణి పక్క పల్లెకు. “పెండ్లయి పదేండ్లు దాటినాక మా అక్కను మళ్లీ ఇంకో ఊరికి సాగనంపినట్టు ఉండింది” అనేవాడు. ఆమె పిల్లలు అరవంలో చదువుకున్నారు. మనవళ్ల పెళ్లి పత్రికలు అరవంలో వచ్చేవి. తాత వాటిని జేబులో పెట్టుకుని పాకాల స్టేషన్ దగ్గర టీ అంగడాయన చేత చదివించుకుని వచ్చేవాడు. ఆ టీ అంగడాయనది తిరుత్తణి వైపే.

తాత పని బెల్లం వండటం. చెరుకు అందరూ పండించేవాళ్లు. పాకం చూడటానికి మాత్రం చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లవాళ్లు తాత కోసం వచ్చేవాళ్లు. తెల్లారుజామున మంచులో గానుగ ఆడుతుంటే రసం కుండల్లో పడేది. దాన్ని పెనంలో పోసి, గాడిపొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పి ఎగదోసేవాళ్లు. రసం కాగుతుంటే సున్నపు తేట వేసి, పైకి తేలిన మడ్డి దేవేసేవాళ్లు. నురగ పొంగి మీదికొస్తే రెండు చుక్కల ఆముదం పడేది, పొంగు అణిగేది. ఇదంతా ఎవరైనా చేస్తారు. ఆ తర్వాతే తాత గోనెసంచి మీంచి లేచేవాడు.

పెనం పక్కన ముంతలో చన్నీళ్లు ఉండేవి. తాత కుడిచెయ్యి అందులో ముంచి, తెడ్డు నుంచి కారుతున్న పాకాన్ని రెండు వేళ్లతో అందుకుని వెంటనే మళ్లీ నీళ్లలో ముంచేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని ఉండ చేసేవాడు. ఆ ఉండను చూసేవాడు కాదు. కళ్లు మంట మీద ఉండేవి, వేళ్లే చూసేవి. ఉండను ముంత అంచుకేసి కొట్టి, శబ్దం విని, “ఇంకొంచెం” అనో “దించండ్రా” అనో చెప్పేవాడు. దించండి అన్నాక ఒక్క నిమిషం ఆలస్యమైతే అడుగంటేది. తొందరపడితే ఉండ కట్టక జారిపోయేది. నాకు ఆరేడేళ్లప్పుడు ఆ వేళ్లు పట్టుకుని చూశాను. చివర్లు కొమ్ము ముక్కల్లా నున్నగా, గట్టిగా ఉన్నాయి. గీతలు లేవు. ఆ వేళ్ల మూలంగానే తర్వాత రేషన్ షాపులో మిషన్ ఆయన్ను గుర్తుపట్టలేదు. బొటనవేలు పెడితే ఎర్రలైటు, చూపుడువేలు పెడితే ఎర్రలైటు. ఆ షాపు అబ్బాయి విసుక్కుని “పెద్దాయనా, చెయ్యి తుడుచుకోని పెట్టు” అన్నాడట. తాత పంచెకు రుద్దుకుని మళ్లీ పెట్టాడట. ఎంత తుడిచినా అరిగిపోయిన గీతలు ఎక్కణ్ణుంచి వస్తాయి? చివరికి కన్ను స్కాన్ చేయించి బియ్యం ఇచ్చారు.

బెల్లం తెల్లగా మెరవాలని అందరూ హైడ్రోస్ అనే రసాయనం కలపడం మొదలుపెట్టాక తాత కలపలేదు. చిత్తూరు మండీలో ఆయన బెల్లం రంగు తక్కువని ధర కోసేవాళ్లు. కోయించుకునే వచ్చేవాడు. లెక్క మాత్రం చివరిదాకా మణుగుల్లోనే. మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి తూకంలో పదకొండు కిలోల పైచిలుకు. కిలోల కాలం వచ్చి అరవై ఏళ్లయినా నాకు చెప్పేటప్పుడు “ఈ తూరి నలభై మణుగులు దిగింది పాపా” అనే అనేవాడు.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వస్తాను.

2012 చివర్లో మా చిన్నాయన తాతకు సహస్ర చంద్ర దర్శనం చేయించాడు. వెయ్యి పున్నములు చూసిన మనిషికి చేసే వేడుక అది. లెక్క కడితే ఎనభై ఏళ్ల పది నెలలు. రైతు కుటుంబాల్లో అంతగా లేని అలవాటే, పట్నంలో ఎవరింట్లోనో చూసి ముచ్చటపడ్డాడు. షామియానా, ఫ్లెక్సీ, ఎర్రబట్ట కప్పిన కుర్చీ. తాత కొత్త పంచె కట్టుకుని సిగ్గుపడుతూ కూర్చున్నాడు. అందరూ కాళ్లకు మొక్కారు. భోజనాల దగ్గర ఎవరో అన్నారు, “ఇంకేం కావాల పెద్దాయనకు, కాలు మీద కాలేసుకోని కూర్చోక” అని. అందరూ ఒప్పుకున్నారు, నేను కూడా. ఆ ఏడాదే గానుగ కొట్టం తాళం చిన్నాయన తీసుకున్నాడు, చెరుకు తోట కౌలుకిచ్చారు. అవ్వ అప్పటికి మూడేళ్ల క్రితమే పోయింది. తాతను తిరుపతిలో మా ఫ్లాటుకు తీసుకొచ్చాం. మంచి గది, ఏసీ, గోడకు టీవీ. వేళకు రాగి సంగటి, ఊరిబిండి. ఏ పనికి చెయ్యి పెట్టబోయినా “నువ్వు కూర్చో తాతా” అన్నాం. గౌరవం అనుకునే చేశాం. ఆ ఎర్రబట్ట కుర్చీలో కూర్చోబెట్టిన మనిషిని మళ్లీ లేవనివ్వలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

2018లో తాత బాత్రూంలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మేము తీసుకుపోయిన మొదటి ఆసుపత్రిలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూశాడు, వయసు అడిగాడు. ఎనభై ఆరు అన్నాం. “ఈ వయసులో ఇంకెందుకండీ ఆపరేషన్? ఇంటికి తీసుకుపోయి మంచం మీద జాగ్రత్తగా చూసుకోండి. నిండుగా బతికారు కదా” అన్నాడు. తాత రక్తపోటు ఎంతో అడగలేదు. గుండె ఎట్లా ఉందో చూడలేదు. ముందు రోజు దాకా ఎంత దూరం నడిచేవాడో అడగలేదు. వయసు ఒక్కటే విన్నాడు. నాకు ఇంకా కోపం తెప్పించేది ఏమిటంటే, మేము కూడా తలూపాం. చిన్నాయన ఆ మాట విని కొంచెం తేలికపడ్డట్టు కూడా కనిపించాడు. ఖర్చు గురించి కాదు, నిర్ణయం తీసుకునే బరువు దిగిపోయినందుకు.

తాతనే అడుగుదాం అని అన్నది మా నాయన. మత్తులో ఉన్నా తాత స్పష్టంగా చెప్పాడు. “ఇట్ల పడుకోలేను నాయినా. నడిపించండి.”

తుంటి విరిగిన పెద్దవాళ్లకు వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయడం మంచిదని ఎముకల డాక్టర్లు చెప్పే మాట. వయసు ఎక్కువని ఆపడానికి లేదు, ఒంటి స్థితి చూసి నిర్ణయించాలి. మంచానికి కట్టిపడేస్తే ఊపిరితిత్తులకు న్యుమోనియా వస్తుంది, వీపుకు పుండ్లు పడతాయి, కాళ్లలో రక్తం గడ్డ కడుతుంది. అసలు ప్రాణం తీసేది చాలాసార్లు అవే. ఇదంతా నాకు రెండో ఆసుపత్రిలో తెలిసింది. అక్కడ వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. మర్నాడే లేపి నిలబెట్టారు. నెల తిరక్కుండా వాకర్ పట్టుకుని వరండాలో తిరిగాడు. ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. మొదటి డాక్టరు మాట విని ఇంటికి తెచ్చుంటే ఆరు నెలల్లో పోయేవాడేమో. అప్పుడు కూడా అందరూ వచ్చి నిండు జీవితం అనే అనేవాళ్లు. నా బాధ అదే. ఆ మాట చెప్పేసుకుంటే ఏం చేశాం, ఏం చేయలేదు అని ఎవరూ అడగరు.

ఆ ఆరేళ్లలో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇది ఇంతవరకూ ఇంట్లో కూడా పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

2021 నవంబర్ 18, 19 తేదీల్లో తిరుపతిలో పడిన వాన చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది. ఆ తర్వాత రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మొదటి రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి ఇంటికొచ్చేసరికి తాత వాకర్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. “పాపా, మన ఊరి చెరువు మొరవ దగ్గర కంపచెట్లు కొట్టేసినారా?” అన్నాడు. మొరవంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు. తెలీదన్నాను. “మొరవ ఒకటే కాదు. తూర్పు కట్ట చివర ఇంకో దిగుడు ఉండాది. మా నాయన కాలంలో రాళ్లు పరిచింది. దాని మీద మన్ను పడి మూసుకోనుంది. దాన్ని తెరిస్తే నీళ్లు వాగులోకి పోతాయి. ఎవరికైనా ఫోన్ చెయ్యి” అన్నాడు. బట్టలు తడిసి ఉన్నాయి, కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ పది శాతం. “నువ్వు టెన్షన్ పడొద్దు తాతా, అక్కడ వాళ్లు చూసుకుంటారులే” అన్నాను. ఆయన రెండోసారి చెప్పాడు. పొద్దున చేస్తాలే అన్నాను.

ఆ రాత్రి మా చెరువుకు గండి పడింది. మనుషులకు ఏమీ కాలేదు. కింద మళ్లన్నీ ఇసుక మేట వేశాయి. వరి కోతకొచ్చి ఉండింది.

రెండు నెలల తర్వాత కట్ట మరమ్మతు చేస్తుంటే తూర్పు చివర జేసీబీకి పరచిన రాళ్లు తగిలాయని నాయన ఫోన్ చేసి చెప్పాడు. స్పీకర్ పెట్టి ఉంది. తాత విన్నాడు. “రాళ్లు ఉండాయా?” అని ఒక్క మాట అడిగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

చెరువు నీళ్లు చూసుకునే ఊరి నీరుగంటి పోయి చాలా ఏళ్లయింది, ఆయన కొడుకులు బెంగుళూరులో ఉన్నారు. అంటే ఆ రాత్రి ఆ చెరువుకు రెండో దారి ఉందని తెలిసిన మనిషి లోకంలో బహుశా ఒక్కడే. ఆయన మా ఫ్లాటులో ఉన్నాడు. ఆయనకు ఇంకేమీ పని లేదని మేం ఎప్పుడో తీర్మానించేశాం.

పెద్దవాళ్లే “నాకింకేం కావాల” అంటారు కదా అని అడిగారు నన్ను ఒకరు. నిజమే, తాత కూడా అనేవాడు. పండక్కి చొక్కా కొందామంటే అనేవాడు, పండ్లు తెమ్మంటావా అంటే అనేవాడు. ఆయనకు కావలసినవి వేరే ఉండేవి. చిత్తూరు మండీలో బెల్లం ధర ఎంతో తెలియాలి. కౌలుదారు పిప్పి ఎండబెట్టాడో లేదో తెలియాలి. అన్నిటికన్నా తిరుత్తణి వైపు పోయి చనిపోయిన అక్క ఇల్లు చూసి రావాలి. తిరుపతి నుంచి కారులో రెండు గంటల దారి. మూడుసార్లు అనుకున్నాం. ఒకసారి నాకు సెలవు దొరకలేదు, ఒకసారి ఎండలు, ఒకసారి కరోనా. “పోదాంలే తాతా” అంటే “పోదాంలే పాపా” అనేవాడు, నన్నే ఓదారుస్తున్నట్టు. పోలేదు. తొంభై రెండేళ్లు నిండిన మనిషికి ఈ ఒక్కటి నిండలేదు. దీన్ని ఎవరి లెక్కలో రాయాలి?

ఎంత వయసొచ్చినా వైద్యం ఆపకూడదని నేను అనడం లేదు. చివరి వారం డాక్టర్లు ఇక ఏమీ లేదన్నప్పుడు, ఐసీయూ వద్దు, ఊరికి తీసుకుపోదాం అని మేమే అన్నాం. తాత కూడా “ఇంటికి” అన్నాడు. పెరట్లో చింతచెట్టు కనిపించేలా మంచం వేశాం. మూడో రోజు తెల్లారుజామున పోయాడు. ఆ నిర్ణయం మీద నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు, ఎందుకంటే అది ఆయన్ను చూసి, ఆయన్ను అడిగి తీసుకున్నది. 2018లో మొదటి ఆసుపత్రిలో తలూపింది కార్డు మీది అంకెను చూసి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అన్నీ అందులో ఉన్నాయి. మేము ఆ చట్టం ప్రకారం ఒక్క తప్పూ చేయలేదు. ఆయనకు ఏ లోటూ రానివ్వలేదని చుట్టాలందరూ మెచ్చుకున్నారు కూడా.

కర్మక్రియలయ్యాక మేనత్తను పక్కకు తీసుకెళ్లి, ఆ రోజు ఎందుకు ఊరుకున్నావత్తా అని అడిగాను. “అందరూ వద్దంటా ఉంటే ఎట్ల ఏడ్చేది పాపా” అంది. తర్వాత, గానుగ కొట్టం వెనక ఇద్దరం కూర్చుని, మధ్యాహ్నం దాకా ఏడ్చాం. ఆమె తన చిన్నప్పుడు తాత పెనం గోకి పెట్టిన వేడి బెల్లం గురించి చెప్పింది, కంద ఆకులో పెట్టి ఊదుతూ ఇచ్చేవాడట. నాకు కూడా అట్లాగే ఇచ్చాడని చెప్పాను. ఇద్దరి మధ్య ముప్పై ఏళ్ల తేడా, ఆకు మాత్రం అదే.

మొన్న ఆషాఢంలో ఊరికెళ్లాం. నాయనకు ఇప్పుడు అరవై ఏడు. బడి నుంచి రిటైరై ఊళ్లోనే ఉంటున్నాడు. చెరువు మొరవ దగ్గర కంపచెట్లు మళ్లీ పెరిగాయని పొద్దున్నే మచ్చుకత్తి తీసుకుని బయలుదేరాడు. మా తమ్ముడు ఎదురెళ్లి, “ఎండలో నీకెందుకు నాయనా, ఇద్దరు మనుషుల్ని పెడదాం. నువ్వు కూర్చో” అని కత్తి అందుకోబోయాడు. నాయన కత్తి వదిలేసి మెట్టు మీద కూర్చోబోయాడు.

“వాడి మాట వినొద్దు నాయనా. పద, నేనూ వస్తాను. ఆ తూర్పు దిగుడు ఎక్కడుందో నాకు చూపించాల” అన్నాను. తమ్ముడి చేతిలోంచి కత్తి తీసి నాయనకు ఇచ్చాను. చెప్పులేసుకున్నాం. కట్ట మీదికి ఎక్కేదాకా నాయన ఏమీ మాట్లాడలేదు. ఎక్కాక ఆగి, నీళ్ల వైపు చెయ్యి చాపి, “మీ తాత ఇక్కడ నిలబడి లెక్క కట్టేవాడు చూడు, తూము మీద నీళ్లు మూరెడు ఉంటే ఎన్ని మళ్లు తడుస్తాయో” అని మొదలుపెట్టాడు.